పార్కింగులో గొట్టం

ఆ గొట్టమా అండి? స్కూటర్ కాస్త ఇవతల పెట్టండి బాబూ, దానికి మాత్రం ఆనించకండి. కొత్తగా అద్దెకొచ్చిన ప్రతివాళ్ళూ అడిగేదే లెండి. దాని కింద నుయ్యుందండి. ఆయ్, నుయ్యే. రత్నమాణిక్యం గారిది. ఈ చోటంతా ఆవిడ పెరడు, పక్కన మా పెంకుటిల్లు. అదీ తర్వాత ఇందులోనే కలిసిపోయింది లెండి. అప్పటికి రాజమండ్రి ఇంకా ఇటుకేసి రాలేదు, అన్నీ సపోటా తోటలే. ఆ సపోటాలూ... సరే, అవెందుకిప్పుడు. ఆవిడ నూతి నీళ్ళండి, ఎంత తియ్యనంటే, పెళ్ళి వంటలకి బిందెలు పట్టుకొచ్చేవాళ్ళు. ‘ఎంగిలి చేత్తో చేద ముట్టుకోకండర్రా!’ అని వీధి చివరికి వినపడేది ఆవిడ గొంతు.

తొంభై ఎనిమిదిలో అనుకుంటా, బిల్డరు గణేష్‌బాబు వచ్చాడండి. ‘పిన్నిగారూ, మీకో ఫ్లాటిస్తాను, నుయ్యి మాత్రం పూడ్చాలండి, పార్కింగు అక్కడే వస్తుంది, బోరు వేయించాను కదా’ అని. ఈవిడదొకటే పట్టు. ‘నీ బోరు నీళ్ళతో కందిపప్పు ఉడికితే అప్పుడు పూడుద్దువుగాని!’ ఉప్పునీళ్ళకి పప్పు ఉడకదు కదండి, పలుకులు పలుకులుగా ఉండిపోద్ది. మా అరుగు మీదేనండి, రెండు కుంపట్లు పెట్టారు. ఓ గిన్నెలో నూతి నీళ్ళు, ఓ గిన్నెలో బోరు నీళ్ళు. వీధంతా మూగింది. నుయ్యే నెగ్గుతుందని అందరం ధీమాగా ఉన్నాం. తీరా గరిటెతో మెదిపితే, రెండూ వెన్నలా మెదిగాయండి! ఆవిడ మొహం చూళ్ళేకపోయాం.

అయినా మాట తప్పే మనిషి కాదు. ‘పూడ్చుకో నాయనా. గంగమ్మ ఊపిరి తీసుకోడానికి ఓ గొట్టం వదులు’ అని, పసుపూ కుంకం వేసి, గట్టు పట్టుకుని ఏడ్చింది. అదండి ఈ గొట్టం. ఆ తర్వాత రోజూ పొద్దున్నే దిగి ఇందులో గులకరాయి వేసి చెవి ఆనించేది. బుడుంగుమంటే ‘ఉన్నావా తల్లీ’ అని నవ్వుకుంటూ మెట్లెక్కేది.

నాకు అంతుపట్టనిది ఒకటేనండి. అప్పుడు ఉడికిన పప్పు ఇప్పుడెందుకు ఉడకట్లేదు? అదే బోరు కదా! మునిసిపాలిటీ కుళాయి ఇటు రానేలేదు, పప్పులోకి మా కోడలు డబ్బా నీళ్ళు కొంటుంది. అంత గోదారిని పక్కన పెట్టుకుని డబ్బాలండి! తోటలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి, ఒక్కోదానికీ ఓ బోరు. ఆలోచిస్తే ఏమనిపిస్తుందంటే, ఆ రోజు బోరు తోడింది కూడా ఆవిడ నూతి నీళ్ళేనేమో. రెండు గిన్నెల్లో ఉడికిందీ ఆ నీళ్ళతోనేనేమో. మేమేమో నుయ్యి ఓడిపోయిందనుకున్నాం.

ఆవిడ పోయే ముందటేడు, ఓ పొద్దున గులకరాయి వేసి, ఎంతసేపు చెవి ఆనించినా బుడుంగనలేదండి. టక్కుమంది, అంతే. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. ‘ఏవిటో అన్నయ్యా, నా చెవులు పోయాయి’ అంది. పోయింది చెవులు కాదని తెలిసీ, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించానండి.

నాలుగు రోజుల్నించి ముసురు కదండీ. ఏదీ, మీ కాలి దగ్గర ఆ గులకరాయి ఇలా ఇవ్వండి. ఉండండి, మాట్లాడకండి...