గోవిందప్ప గారి తనిఖీ, వంకరపోయిన స్వరాలు

1991 జూన్ 10వ తేదీన మదనపల్లెలోని మన ముద్రణాలయపు స్వరలిపి విభాగంలో చేరిన శ్రీ గోవిందప్ప గారు, తొలిరోజే తనకిచ్చిన సిరాబుడ్డి మూత తీసి చూసి, "ఇందులో నీళ్ళు కలిపినారు" అన్నారు. కలిపిన మాట నిజమే. ఆనాటి నుంచి 2009 ఏప్రిల్ 30న పదవీ విరమణ చేసేవరకు ఆయన ఎవరినీ నమ్మలేదు. ఈ వీడ్కోలు సంచికలో చాలామంది దీన్ని నిశిత దృష్టి అంటారు. సరైన మాట అనుమానం.

సదుం దగ్గరి మెట్ట రైతుల ఇంట పుట్టిన ఆయనకు సంగీతం రాదు. బెంగుళూరు వయొలిన్ బడులు పంపే పాఠాలను ఐదు గీతల మీద నల్లసిరాతో చేత్తో గీసే రోజుల్లో, ఆయన స్వరాలను చుక్కలుగా, కాడలుగా, కాడలను కలిపే అడ్డపట్టీలుగా మాత్రమే చూశారు. అందువల్లే వాటిలో వంకర ఆయన కంటికి దొరికేది. 1998లో పుంగనూరు శాఖకు, 2004లో కుప్పంలో పెట్టిన కంప్యూటర్ శాఖకు బాధ్యులుగా వెళ్ళారు. పుంగనూరులో కూర్చిన పేజీలు కుప్పంలో ఆయన కంప్యూటర్‌లో పెట్టిన తనిఖీ దాటితేనే అచ్చుకు పోయేవి.

2006లో ఆ తనిఖీయే ఒకరి బతుకు మీదికి తెచ్చింది.

పుంగనూరులో పేజీలు కూర్చే అంబిక అప్పటికి తాత్కాలిక ఉద్యోగి. గోవిందప్ప గారు సరేనంటే ఉద్యోగం ఖాయమవుతుంది, కాదంటే ఇంటికి. ఆమె పంపిన వయొలిన్ పాఠాల్లో, కుప్పంలో అచ్చు తీసేసరికి, అడ్డపట్టీలు వాలిపోయి చుక్కల మీద పడుతున్నాయి. పుంగనూరులో తీస్తే అవే పేజీలు చక్కగా ఉన్నాయి. ఆమె ఒకటి చూపించి మరొకటి పంపుతోందని ఆయన తీర్మానించారు. మదనపల్లెలోని మేనేజరు దొరస్వామి గారికి ఫోన్ చేసి, "ఈ పిల్ల మనకొద్దు" అన్నారు.

మరునాడే అంబిక కుప్పంలో బస్సు దిగారు.

"ఏమప్పా, నేను దొంగపేజీలు పంపుతాండానని చెప్పినారంట?"

"సూసింది చెప్పినా."

"మీ తనిఖీ తీసేసి ఒకసారి అచ్చు తీయండి. సూద్దాం."

"తనిఖీ లేకుండానా? తలుపు తీసిపెట్టి దొంగను పిల్చినట్టుండాదే!"

"దొంగ మీ ఎదురుగానే నిలబడుండాది కదప్పా, యాడికి పోతాది? తీయండి."

తీశారు. పట్టీలు తిన్నగా వచ్చాయి. తనిఖీ పెట్టి తీశారు. వంకర. ఆయన ఆమెను వాకిట్లో నిలబెట్టి, తలుపేసి, ఒంటరిగా మళ్ళీ తీశారు. అదే వంకర.

అప్పుడు తప్పనిసరై ఆయన తన పనిని తాను అనుమానించారు. ప్రతి కాడ పొడవును అడిగి, హద్దు దాటితే తెర మీద చూపించే ఆదేశాలను, స్వరాలను పేజీలో అమర్చే కంప్యూటర్ ప్రోగ్రాంకు చేర్చింది ఆయనే. ఆ ప్రోగ్రాంలో కాడకు పొడవు ముందే రాసి ఉండదు. పొడవు ఉండవలసిన చోట దాన్ని లెక్కకట్టే పద్ధతి ఉంటుంది. ఎవరైనా అడిగినప్పుడే ఆ పద్ధతి లేచి లెక్క చేస్తుంది. చేసిన లెక్కను అక్కడే ఖాయం చేసి, తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతుంది. కాడ పొడవుకు పట్టీ వాలు కావాలి, పట్టీ వాలుకు ఏ స్వరం ఏ వరసలో ఎక్కడ పడుతుందో తెలియాలి. గోవిందప్ప గారి తనిఖీ పేజీని వరసలుగా విడగొట్టక ముందే అడుగుతోంది. ఇంకా చోటు కుదరని స్వరాలకు ప్రోగ్రాం ఏదో ఒక జవాబు చెప్పి, దాని మీదే నిలబడుతోంది. చూడడమే చెరపడమైంది.

విషయం విన్న అంబిక, "ఎసురు కాగకముందే కెలికితే సంగటి గడ్డకట్టదా అప్పా!" అన్నారు. ఆయన నవ్వలేదు. అందరి ముందే ఫోన్ తీశారు.

"దొరస్వామీ, తప్పు ఈడ ఉండాది. నా తనిఖీలో."

"ఇంకొకరిని రమ్మని చెప్పేసినానే గోవిందప్పా!"

"వద్దని చెప్పు. ఆ పిల్ల లేకపోతే ఏ పేజీకీ నేను సరేననను."

అంబిక ఉద్యోగం నిలిచింది. తనిఖీని ఆయన పేజీ వరసలుగా విడిన తర్వాతికి మార్చారు. ఆమెను క్షమించమని మాత్రం అడగలేదు. తప్పు ఒప్పుకున్నందుకు ఆయనను మెచ్చుకోవడం సులువు. దొంగ అనిపించుకొని బస్సెక్కి వచ్చిన మనిషికి ఆ మెప్పులో వాటా లేదు.

గత నెల ఆయన తన స్థానానికి అంబిక గారి పేరే చెప్పారు. "అంత నమ్మకమా?" అని దొరస్వామి గారు అడిగారు.

"నమ్మకం కాదప్పా. ఇన్నేండ్లు వంకర కోసం ఎతికినా. దొరకలేదు."

ఆయన నోట ఇంతకు మించిన ప్రశంస ఎవరూ వినలేదు. ఆయనను క్షమించారా అని అంబిక గారిని కూడా ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మంచిది.

గోవిందప్ప గారికి ఇంట్లో భార్య నాగరత్నమ్మ గారు ఉన్నారు. ఆ భాగ్యం అందరికీ మిగలదని ఆయన తెలుసుకోవాలి. ఆమె వంటలో ఉప్పు చూసే ముందు ఆమెను వడ్డించనివ్వాలి. డాక్టరు అంతా బాగుందన్నా నమ్మక రెండోసారి పరీక్ష చేయించుకునే ఆయన గుణం ఆయన ఆరోగ్యాన్ని కాపాడుగాక. దంపతులిద్దరూ ఒకరికొకరు తోడుగా, ఎవరూ ముందుగా వెళ్ళిపోకుండా, చిరకాలం జీవించాలి.