ముందు కంజులు, తర్వాతనే కోళ్లు

హలో… మూర్తీ… ఆ, నేనే. బావనే.

ఏం, నా నంబర్ తీసేసినవా?… ఉంచినవా. మంచిది.

…నేనేం బాగుంట. షార్జాలనే ఉన్న. పని ఇచ్చిన అదే కఫీల్, అదే విల్లా, అదే రూం. రెండేండ్లల్ల ఏం మారుతది.

లేదు, నాకేం కాలే. పని ఉండి చేసిన. విను.

మీ అక్క కంజులు సచ్చిపోయినయ్.

…కంజు పిట్టలు రా. గుడ్లు ఉడకబెట్టి నీకు డబ్బాల పంపేది గద, అవే.

పదకొండు ఉండె. ఒక్కటి మిగిలింది.

…ఒక్క వారంల. ఆదివారం రెండు, మంగళవారం నాలుగు. తక్కినయి నిన్న, మొన్న.

రోగం లెక్క గూడ కనబడలే. పొద్దున మేత తిన్నయ్. మధ్యాహ్నం నమాజుకు పిలిచేసరికి కాళ్లు చాపినయ్. గొంతు కింద సంచిల గింజలు అట్లనే ఉన్నయ్.

…ఎండ కాదు. ఎండ దెబ్బైతే నోరు తెరుస్తయ్. నాకు తెల్వదా?

డాక్టర్ చూసిండు. మదామ్ పిల్లికి సూది వెయ్య వచ్చిండు, బతిమాలి చూపించిన. కడుపుల రోగమట. కోళ్ల రెట్టల నుంచి వస్తదట.

…కఫీల్ కోళ్లు. పక్క జాలీలనే.

…వాటికేం కాలే. బలిసి ఉన్నయ్. రోగం వాటి లోపల్నే ఉంటదట, వాటిని ఏం చెయ్యదట. పక్కన ఉన్నయే పోతయట.

…ఆ. నేనూ అదే అడిగిన. ఆరేండ్లు పక్కపక్కనే పెరిగినయ్, అప్పుడెందుకు రాలే అని. ఎవరు చూసుకునేది, ఎట్ల చూసుకునేది అని ఆయన నన్నే అడిగిండు.

మీ అక్క మడి యాదికున్నదా?

పొద్దున స్నానం చేసి ముందు కంజులకు నీళ్లు. వాటి చెంబు వేరు. ఆడికి పోయే చెప్పులు వేరు. తర్వాతనే కోళ్లు. కోళ్ల కాడికి పోయినంక మళ్ల స్నానం చేసేదాక కంజుల మొఖం చూసేది కాదు.

నువ్వు నవ్వినవ్. నేను ఇంకా ఎక్కువ నవ్విన. గొర్లు కాసే ఇంట్ల పుట్టినదానికి మడేందే కొమురవ్వా అని నలుగుర్ల అన్న.

…ఏంది? మీ అవ్వ గూడ చేసేదా? జబ్బు గొర్రెలను ఆఖరుకు చూసి… చేతులు కడుక్కొని ఇంట్లకు వచ్చేదా?

…నాకెవరు చెప్పిండ్రు. ఆమె చెప్పలే. నేను అడగలే.

ఆమె పోయినంక నేనేం చేసిన? ఒకటే బకెట్. ముందు కోళ్లు, ఎందుకంటే కఫీల్ వాటినే చూస్తడు. అవే చెప్పులు, అవే చేతులు, అట్లనే కంజుల కాడికి. కోళ్లు మిగిలిచ్చిన మేత గూడ వీటికే ఏసిన. రెండేండ్లు నడిచింది. ఇగ నడవలే.

…ఓదార్చకు. దానికి చెయ్యలే ఫోన్.

ఆ ఒక్కదాన్ని తీసుకపో. మీ ఇంటర్నేషనల్ సిటీ ఫ్లాట్ల కోళ్లు లేవు గద. బాల్కనీల పెట్టు. డాక్టర్ మందిచ్చిండు, నీళ్లల్ల కలపాలె. ఈడ ఉంటే రెండు రోజులు గూడ బతకదన్నడు.

…వేరేటోళ్లు ఉంటే నిన్ను అడుగుదునా?

మాఫ్ చేసిన అనుకోకు. అక్కను పెట్టెల పెట్టి ఊరికి పంపిన రోజు నువ్వు రాలే. కంపెనీ ముదీర్ లీవ్ ఇయ్యలే అన్నవ్. ఎయిర్‌పోర్టుల ఆ పెట్టె పక్కన నేనొక్కణ్నే నిలబడ్డ. అది పోదు. నేను పోయేదాక పోదు.

…ఏడ్వకు. ఎప్పుడొస్తవ్ చెప్పు.

…ఇప్పుడే? డ్యూటీ ఎట్ల మరి?… ముదీర్‌కు చెప్పకుండనా?… ఊఁ. ఇప్పుడొచ్చింది ధైర్యం.

సరే. గేటు బయట జాలీ డబ్బా ఉంటది. కొత్తది, రోలా బజార్ల కొన్న. డ్రైవర్ ఫైజల్‌తోని పిట్టను అండ్ల పెట్టించిన. నేను ముట్టలే. మీ అక్క చెంబు గూడ పక్కనే ఉంటది, తీసుకపో.

లోపలికి రాకు. …చాయ్ లేదు, ఏం లేదు. కోళ్ల మన్ను నీ చెప్పులకు అంటుతది.

…నేనా? గేటు లోపల నిలబడ్త. నువ్వు తీసుకపోయేది చూస్త.

దగ్గరికొచ్చి చేతులు పట్టుకోకు, మూర్తీ.

…కోపం కాదు రా. పొద్దున కోళ్లకు నీళ్లు పెట్టిన… ఉంట.