చాకు బాగానే ఉందండీ

మడత చాకు తెరిచాక మళ్ళీ దానంతటది మూసుకుపోకుండా ఆపేది ఏమిటి? చెప్పండి చూద్దాం. రోహన్, నువ్వు ఆగు, కొండలెక్కడానికని కొనుక్కొచ్చినవాడివి కాబట్టి నీకు తెలిసే ఉంటుంది. తన్వీ, నువ్వు చెప్పు. ఆ ఫోను అటు పెట్టి... రికార్డు చేస్తున్నావా? సరే, చెయ్యి. ఇవాళ్టిది రికార్డయితేనే మంచిదిలే.

లాక్ అంటావు. అచ్ఛా. లాక్ అంటే తాళంచెవి పెట్టి తిప్పేదా? కాదుగా. ఇలా తీసుకురా ఆ చాకు. చూడండి, పిడి వీపు పొడుగునా ఒక ఉక్కు పట్టీ ఉంది. దాన్ని నొక్కి పట్టి ఉంచేదే స్ప్రింగు. బ్లేడు పూర్తిగా తెరవగానే ఆ పట్టీ కొస వచ్చి, ఇదిగో బ్లేడు మొదట్లో గంటు పెట్టిన ఈ గాడిలో కూర్చుంటుంది. టక్కుమని వినిపించాలి. వినిపించిందా? ఠీక్ హై. ఇది పాసు.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఉల్లిపాయ కోస్తున్నప్పుడు ఈ తాళానికి పనుందా, లేదా?

లేదు. ఎందుకంటే పదును వైపు నుంచి పడే బరువు బ్లేడుని ఇంకా తెరుచుకునే వైపే తోస్తుంది. కొనతో పొడిచినప్పుడో, ఇరుక్కున్న బ్లేడుని వెనక్కి లాగినప్పుడో, వీపు మీద బరువు పడినప్పుడో, అప్పుడే తాళానికి పని. అందుకని ఏమవుతుందంటే, తాళం పాడైపోయిన చాకు కూడా ఏళ్ళ తరబడి భేషుగ్గా ఉన్నట్టే ఉంటుంది. పెన్సిళ్ళు చెక్కుతుంది, దారాలు కోస్తుంది, నిమ్మకాయ కోస్తుంది. ఎవరికీ అనుమానం రాదు.

నాకు వచ్చింది. అదే చెబుదామని కూర్చున్నాను. వెల్లుల్లిపాయలు కొన్ని ఇటు జరుపు తన్వీ, వొలుస్తూ చెబుతాను.

మీ అమ్మ ఆరో క్లాసులో ఉన్నప్పటి మాట. ఆరా, ఏడా... ఆరే. ఏడులో దానికి కళ్ళజోడు వచ్చింది. అప్పటికి నేను ఇక్కడే ఢిల్లీలో, మన తెలుగు బళ్ళో సైన్సు చెబుతున్నాను. పద్నాలుగేళ్ళ సర్వీసు. ఈ జనక్‌పురిలోనే మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నీళ్ళు పొద్దున్న అయిదింటికి వచ్చి ఆరింటికి పోయేవి. అదలా ఉంచు. బళ్ళో చాలామంది పిల్లలు కంటోన్మెంటు నుంచి వచ్చేవాళ్ళు, ఆర్మీ వాళ్ళ పిల్లలు. వాళ్ళలో తొమ్మిదో క్లాసు పిల్ల ఒకతి, వాళ్ళ నాన్న చాకు పెన్సిలు చెక్కుకోడానికని తెచ్చింది. పిల్లలు చాకులు తేకూడదుగా, లాక్కున్నాను. రూలేమిటంటే, లాక్కున్న వస్తువేదైనా హెడ్‌మిస్ట్రెస్ గదిలో అప్పగించి పుస్తకంలో రాయించాలి, ఏడాది చివర తల్లిదండ్రులకి ఇచ్చెయ్యాలి. నేను అప్పగించలేదు. చాకు బాగుంది. కొమ్ము పిడి, చేతికి చక్కగా అమిరింది. రెండ్రోజులు వాడుకుని ఇద్దాం అనుకున్నాను. రెండ్రోజులు కాస్తా రెండు నెలలయ్యాయి, తరవాత ఆ పిల్ల వచ్చి అడిగితే, ఎక్కడో పోయిందమ్మా అన్నాను. అలా చూడకు రోహన్. ఇది చిన్నది. పెద్దది ఇంకా ఉంది.

దాన్ని బల్ల సొరుగులో పెట్టేదాన్ని, సుద్దముక్కల డబ్బా పక్కనే. సుద్దపొడి ఎక్కడికి పోతుంది? అదే గాడిలోకి పోతుంది. కొన్నాళ్ళకి టక్కు అనడం మానేసింది. తెరిస్తే మెత్తగా ఆగేది. గాడి నిండా పొడి గట్టిపడిపోతే ఆ పట్టీ కొస లోపలికి దిగదు, పైపైనే ఆనుకుని ఉంటుంది. దానికి తోడు స్ప్రింగు కూడా అలిసిపోయింది. నేనేం చేశానంటే, బాగు చేయించడం మానేసి, చెయ్యి మార్చుకున్నాను. బొటనవేలు పట్టీ మీద బిగించి, చూపుడువేలు బ్లేడు దారికి అడ్డం రాకుండా పక్కకి పెట్టి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. అలా అలవాటైపోయాక చాకులో లోపం ఉందన్న సంగతే మరిచిపోయాను. నా చేతిలో అది మంచి చాకే.

మరిచిపోయాను అన్నానా? ఆ మాట కొట్టెయ్యి. మరిచిపోలేదు. మా వీధిలోకి సైకిలు మీద సాన పట్టే అతను వచ్చేవాడు, తెలుసుగా, సీటు మీద కూర్చుని తొక్కితే ముందు బిగించిన సానరాయి తిరిగి నిప్పురవ్వలు లేచేవి. మీ అమ్మకి అది పెద్ద తమాషా. కత్తిపీటతో పాటు ఈ చాకు కూడా ఇచ్చాను. సాన పట్టి, తెరిచి, మూసి, వీపు మీద బొటనవేలితో ఒకసారి నొక్కి చూశాడు. మేడమ్‌జీ, దీని స్ప్రింగుని నమ్మకండి, ఇది ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి తింటుంది, మార్చుకోండి, నాలుగు రూపాయలవుతుంది అన్నాడు. సాన పట్టినదానికి రూపాయి. నేను రూపాయి ఇచ్చి, మళ్ళీ చూద్దాంలే భయ్యా అన్నాను. నెల కూడా తిరగలేదు.

ఇప్పుడు పద్మ అమ్మమ్మ సంగతి. మీకు తెలిసిన పద్మ అమ్మమ్మే, మయూర్ విహార్ అమ్మమ్మ. ఆవిడ మా బళ్ళో టైపిస్టు. మీకు స్కూల్లో బ్లడీ నోటీసు కూడా ఫోన్లోకి వస్తుంది, అప్పుడలా కాదు... అరె, నా నోట్లో కూడా మీ భాషే వస్తోంది. పరీక్ష పేపరు తెలుగులో కావాలంటే తెలుగు టైపు మిషను మీద, మైనం పూసిన స్టెన్సిల్ కాగితానికి అక్షరం అక్షరం గుద్ది చిల్లులు పొడవాలి. ఆ మిషను ఢిల్లీలో ఎన్ని ఉండేవో నాకు తెలీదు గానీ మా బడికి ఒకటే. దాన్ని కొట్టగలిగిన మనిషీ ఒకతే. శ్రీకాకుళం నుంచి వచ్చింది, మొగుడు కంటోన్మెంటులో హవల్దారు. చూడకుండా కొట్టేది. నేను పక్కన నిలబడి ప్రశ్నలు చదువుతుంటే, ఇంకా చదవండి మేడమ్, నేనేటి ఆగిపోయానా అనేది.

అర్ధ సంవత్సరం పరీక్షలకి ముందు స్టెన్సిళ్ళ పెట్టె వచ్చింది. దళసరి అట్టపెట్టె, చుట్టూ ప్లాస్టిక్ పట్టీ బిగించి ఉంది. పద్మ స్టాఫ్ రూములోకొచ్చి, మేడమ్, కోసేదేటైనా ఉందా అంది. నేను పిల్లల నోట్సులు దిద్దుతున్నాను. తల ఎత్తకుండా సొరుగు లాగి చాకు చేతిలో పెట్టాను. ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? జాగ్రత్త, తాళం వదులు. అంతే కదా. ముప్పై రెండేళ్ళు నోరు నొప్పి పుట్టేలా పాఠాలు చెప్పినదాన్ని, ఆ ముక్క చెప్పలేదు.

పెట్టె మీది ప్లాస్టిక్ పట్టీ కింద కొన దూర్చి పొడిచింది. ఇందాక చెప్పానే, పొడిచినప్పుడే తాళానికి పని. బ్లేడు వెనక్కి ముడుచుకుని చూపుడువేలు మీద పడింది. సాన పట్టిన బ్లేడు. ఆవిడ అరవలేదు. ఏటీ అవలేదు మేడమ్, చిన్న గీతే అంటూ కొంగు చుట్టుకుంది. ఆ కొంగు కాస్తా ఎర్రగా తడిసిపోయింది.

గీత కాదు. వేలిని వంచే నరం తెగింది. ఆస్పత్రిలో కుట్లు వేశారు, మానింది, వేలు మాత్రం మళ్ళీ వంగలేదు.

మూడు వారాల తరవాత హెడ్‌మిస్ట్రెస్ గదిలో కమిటీ కూర్చుంది, ముగ్గురు పెద్దవాళ్ళు. పనిలో ఉండగా జరిగింది కాబట్టి ఎలా జరిగిందో రాసుకోవాలి. పద్మ కట్టుతో కుర్చీలో కూర్చుంది. నన్ను పిలిచి, ఆ చాకు మీదేనా, అందులో లోపమేమైనా ఉందా అని అడిగారు. నాకు ఒకదాని వెనక ఒకటి తోసుకొచ్చాయి. లోపం ఉందంటే తెలిసి ఎందుకిచ్చావంటారు. చాకు చూపించమంటారు. చూస్తే అది ఎవరిదో బయటపడుతుంది, పుస్తకంలో ఎక్కించలేదని బయటపడుతుంది. సీనియర్ టీచరుగా నా ప్రమోషను కాగితం ఆ నెలలోనే రావాలి.

"చాకు బాగానే ఉందండీ," అన్నాను. "ఆవిడకే పట్టుకోవడం తెలియలేదు."

అక్కడితో ఆగినా బాగుండేది. చాకు ఎలా పట్టుకోవాలో పెన్ను పట్టుకుని వాళ్ళకి చూపించాను కూడా. బొటనవేలు ఇలా, చూపుడువేలు ఇలా పక్కకి. పాఠం చెప్పినట్టు. పద్మ శ్రద్ధగా చూసి తలూపింది. "అవునండీ, నాదే అజాగ్రత్త," అంది. కమిటీ అదే రాసుకుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి గుండుసూదితో గాడి గోకాను. సుద్దపొడి, గోరంత ముద్ద. గోకిన తరవాత కూడా తాళం నిలవలేదు. అంటే స్ప్రింగు చచ్చిందని సాన అతను చెప్పిందే నిజం. తెల్లారి వెళ్ళి చెప్పవచ్చు. వెళ్ళలేదు.

ఒక్క వేలు వంగకపోతే ఏమవుతుందని అడుగుతారేమో. టైపు మిషను దగ్గర కూర్చుని కొట్టి చూడండి. ఆ పరీక్షలకి తెలుగు పేపర్లన్నీ నేనే స్టెన్సిల్ మీద చేత్తో గీకాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు, పద్మ అందరికంటే ఎక్కువ. తరవాత మిషను మీదకి ఇంకో మనిషి వచ్చింది, పద్మని లైబ్రరీలో పుస్తకాలిచ్చే బల్ల దగ్గరికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే. ఎప్పుడైనా టైపు గది ముందునుంచి వెళ్ళేటప్పుడు కొంచెం ఆగి వినేది. ఈ కొత్తమ్మాయి 'క్ష' దగ్గర తడబడతాది మేడమ్ అనేది.

తన్వీ, ఆవిడ వచ్చినప్పుడల్లా మీకు చెప్పే కథేమిటి? చెప్పు, నువ్వే బాగా అనుకరిస్తావు... ఆ, అదే. మీ అమ్మమ్మ చాకిచ్చింది, నేను గరిటె అనుకున్నాను, నా అంత మొద్దు ఢిల్లీ మొత్తం మీద లేదు. మీరు పడీ పడీ నవ్వుతారు, ఆవిడా నవ్వుతుంది. నేను వంటింట్లోకి వెళతాను. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు ఆవిడ వేలు నిటారుగా ఉంటుంది, ఎదురుగా నేను కూర్చుంటే నా వైపే ఉంటుంది. అందుకే పక్కన కూర్చుంటాను. మీరెప్పుడూ గమనించి ఉండరు.

ఒకసారి చెప్పబోయాను, ఆవిడ రిటైరైన రోజు. పద్మా, ఆ చాకు... అని మొదలుపెట్టాను. ఊరుకోండి మేడమ్, ఇంకా నా మొద్దుతనం తలుచుకుని బాధపడతారా అని నన్నే ఓదార్చింది. దండ మెళ్ళో ఉన్న మనిషి నన్ను ఓదారుస్తుంటే ఇంకేం చెబుతాను? అప్పటినుంచి ఇదిగో, ఏటా ఆవిడకి వెల్లుల్లి ఆవకాయ జాడీ పెట్టి ఇస్తాను. ఆ చేత్తో వెల్లుల్లి వొలవడం కష్టం. మూత కూడా సగం వదులు చేసి ఇస్తాను. దానికి ఆవిడ పదిమందిలో నన్ను పొగుడుతుంది.

ఆ కుట్టుమిషను సొరుగు లాగు రోహన్. దారపుండల కింద గుడ్డలో చుట్టి ఉంటుంది. ఆ, అదే చాకు. పారెయ్యలేకపోయాను. వేళ్ళు దూరంగా పెట్టండి. తెరిచాను. చూడ్డానికి నిలబడింది కదూ? ఇప్పుడు వీపు ఈ బల్ల అంచుకి ఆనించి కొంచెం నొక్కుతాను. చూశారా, ఎలా ముడుచుకుపోయిందో. ఇదీ సంగతి. ఏ చాకు కొన్నా ముందు ఇలా నొక్కి చూడాలి. నీది కూడా ఇప్పుడే చూద్దాం, ఇటివ్వు... ఆ. గట్టిగానే ఉంది. కొండల్లో మట్టీ ఇసకా పడుతుంది, రోజూ గాడి తుడుచుకో. ఎవరైనా అడిగితే, ఇచ్చేముందు తల ఎత్తి, లోపముంటే లోపముందని చెప్పి ఇవ్వు. ఈ వయసులోనే ఆ అలవాటు చేసుకో నాయనా. పెద్దయ్యాక పరువు అడ్డం వస్తుంది.

పద్మ నాలుగింటికి వస్తుంది. మెట్రో నేరుగా ఉందిగా, రైలు మారక్కర్లేదు. జాడీ తీసుకెళ్ళడానికే వస్తోంది. ఈ చాకు అక్కడే ఉండనీ, టీపాయ్ మీద. ఆవిడ చూసి, ఇది ఆ చాకు కదా మేడమ్ అంటుంది. అని, మళ్ళీ ఆ గరిటె కథ మొదలుపెడుతుంది. మీరిద్దరూ నవ్వకండి. లేచి వెళ్ళిపోకండి కూడా. పిల్లలు ఎదురుగా కూర్చుని ఉంటే నేను పాఠం మధ్యలో ఆపలేను, ముప్పై రెండేళ్ళ అలవాటది.

నిజం విన్నాక ఆవిడ ఏమంటుందో నాకు తెలీదు. ఆ జాడీ ఇక్కడే వదిలేసి వెళ్ళినా వెళ్ళవచ్చు. వెళితే, రోహన్, నువ్వు మెట్రో దాకా దిగబెట్టు.

నువ్వు కొండలెక్కి, పది వేళ్ళతో క్షేమంగా తిరిగి రా. ఇంక ఆ ఫోను ఆపు తల్లీ. రెండున్నర అయింది, ఇంకా సగం పాయలు అలాగే ఉన్నాయి. వంటింట్లో వెలుతురు బాగుంటుంది, అక్కడ కూర్చుని వొలుచుకుంటాను.