పీనుగ వేషం

సూరత్ నగరం, పాండేసరలో మూతపడ్డ మిల్లు. లోపల దేవుళ్లందర్నీ ఆటపట్టించే హిందీ సినిమా షూటింగు. ఆ సినిమాకు చేతికింది మనిషి నరేశ్. వాడు తన తండ్రికి అన్న అయిన రాజనర్సును, ముప్పై ఏళ్లుగా మరమగ్గాల సాంచెలు నడుపుతున్నవాణ్ని, వేషం కట్టిస్తానని వెంటబెట్టుకొచ్చాడు. ఏం వేషమో మాత్రం ఇక్కడికొచ్చాకే చెప్పాడు.

"జర మెల్లగ మాట్లాడు పెద్దబాపు. సినిమా తీసే మేడం ఇటే చూస్తున్నది."

"చూడనియ్. వేషమంటివి, సాంచె బందువెట్టి వస్తి. పీనుగ వేషమారా?"

"ఉత్త పీనుగ కాదే. సూరత్‌ల బతికే అన్ని రకాలోళ్లు సినిమాల ఉండాల్నని మేడం పట్టు. తెలుగోళ్లకు పీనుగ వచ్చింది."

"తక్కినోళ్లకు?"

"వరాఛా దిక్కు వజ్రాలు సానవట్టేటాయన ఇంద్రుడు. ఒడియాయన చిత్రగుప్తుడు."

"బీహారాయన?"

"యముని దున్నపోతుకు గొంతు."

"దానికి మాటలున్నయా?"

"రెండు పేజీలు."

"దున్నపోతుకు రెండు పేజీలు. నాకు?"

"నువ్వు సచ్చినవ్ గద."

"ఎట్ల సచ్చిన?"

"సాంచె నడుపుకుంటనే. యముడొచ్చి కాళ్లు వట్టి గుంజుకపోతడు. నువ్వు ఊకె పండుకో, సాలు."

"నేను పండ."

"పెద్దబాపు..."

"మనం మార్కండేయుని వంశపోళ్లం. ఆయన ముందట ఓడిపోయినోడు గీ యముడు. పద్మశాలోని కాళ్లు వట్టి గుంజుతడా? కులపోళ్లు చూస్తే మొకాన ఉమ్మేస్తరు."

"కామెడీ సినిమానే."

"కనవడుతనే ఉన్నది. గా యముని మీసం ఊడి యాలాడుతున్నది, పోయి అతికియ్యి."

"నీ కాల్మొక్కుత. తెలుగాయనను తెస్తనని మాటిచ్చిన. తేకుంటే రేపటి సంది రావద్దన్నరు."

"నువ్వు తెలుగోనివే గద. నువ్వే పండు."

"ష్! మెల్లగ."

"ఏందిరా?"

"వాళ్లకు తెల్వది."

"ఏం తెల్వది?"

"నేను తెలుగోన్నని. నరేశ్ పటేల్ అని, గుజరాతోన్నని చెప్పిన."

"మనింట్ల పటేల్ ఎన్నడు వుట్టిండు?"

"తెలుగోడంటే సాంచెల కాడికే పొమ్మంటరే. ఏం జెయ్యాలె?"

"మరి నేనెవన్నని చెప్పినవ్?"

"మా గల్లీల... ఉండేటాయన."

"గల్లీల ఉండేటాయన."

"తప్పయింది పెద్దబాపు."

"సరే, పండుత. కని దింపుడుకళ్లం పెట్టుమను."

"అదేంది?"

"గది గూడ తెల్వదా పటేల్‌కు? కాటికి వొయ్యే తొవ్వల పాడె దించి, అయినోళ్లు చెవుల మూడుసార్లు పిలుస్తరు. పలికితే బతికున్నట్టు. పలుకకుంటేనే పీనుగ. గది కాకముందు యముడు నన్ను ముట్టద్దు. పో, చెప్పిరా."

"చెప్పొచ్చిన. మేడం‌కు మస్తు నచ్చింది. గిప్పుడే తీస్తరట. తెలుగులనే పిలువాల్నట."

"మంచిది. పాడె మీద పండిన. పిలువు."

"నేనా?"

"సూరత్‌ల నాకు అయినోళ్లు నువ్వు గాక ఎవలున్నర్రా?"

"మైకు పెట్టిన్రే. అందరికీ ఇనవడుతది."

"పిలువకుంటే లేసిపోత. గల్లీల ఉండేటాయనకు గిక్కడేం పని?"

"పెద్దబాపు..."

"దున్నపోతుకు గూడ ఇనవడలే."

"పెద్దబాపూ."

"ఇంకొక్కటి."

"ఓ పెద్దబాపూ! నేనే, నీ తమ్ముని కొడుకును, నరేశ్‌ను!"

"ఆఁ, పలికిన బిడ్డా. ఇగ యముణ్ని ఎనుకకు పొమ్మను."