సిలికాన్ మీద నీటిచుక్క

నా ఈ రిటైర్మెంటు సభకి అధ్యక్షత వహిస్తున్న మేనేజరుగారికి, నాకు పని నేర్పిన పెద్దలకు, నా చేత చీవాట్లు తిన్న మిత్రులకు, రెండో వరసలో కూర్చుని ‘ఇది ఏం వాగుతుందో’ అని చూస్తున్న మా వదినగారికి నమస్కారం. (నవ్వులు)

ఇరవై ఆరేళ్లు ఫ్యాక్టరీలో ఏం చేశావు అమ్మమ్మా అని మా మనవరాలు అడిగింది. సిలికాన్ రబ్బరుకి ఎవరితోనూ పొసగదే తల్లీ, ఎంత మంచి జిగురు రాసినా చక్కగా ఊడొచ్చేస్తుంది, అందుకని దాన్ని ప్లాస్మా మెషిన్లో పెట్టి, ఆ ఊదారంగు వెలుగులో కాసేపు ఉంచి, ఒప్పించి తీసుకొస్తానని చెప్పాను. పైకి ఏ తేడా ఉండదు. నీటిచుక్క వేస్తే మాత్రం, ఇందాక పూసలా నిలబడ్డ చుక్కే చాపలా పరుచుకుంటుంది! ఎందుకలా? మొదటిరోజు నోరు వెళ్లబెట్టాను, ఇప్పటికీ మూయలేదు. (నవ్వులు) పైగా కొన్ని గంటలు వదిలేస్తే లోపలి జిడ్డు మెల్లగా పైకొచ్చి మళ్లీ మొదటికొస్తుంది. ఈలోపే జిగురు పడాలి.

నాలోనూ ఇరవై నాలుగేళ్ల జిడ్డు ఒకటుంది. ఇవాళ పైకొస్తోంది, కాస్త ఓర్చుకోండి.

చుక్క పరీక్ష పక్కన పెట్టిన పనికిరాని ముక్క మీదే చెయ్యాలి, అసలు ముక్కల్ని తాకకూడదు. ఇది ఇక్కడ చంటిపిల్లకి కూడా తెలుసు. కానీ ఆ రోజు ఆసుపత్రి మాస్కుల సిలికాన్ అంచులు రెండువందలు మెషిన్లోంచి తీశాక, అన్నిటి మీదా చుక్క ఒకేలా పరుచుకుంటుందా అని నాకు పాడు కుతూహలం పుట్టింది. ఒక్కొక్కదాని మీదా చుక్క వేశాను, చూశాను, నా చేతిరుమాలుతో తుడిచి ట్రేలో సర్దేశాను. జిగురు బల్ల దగ్గర వదిన ఉన్నారు. మర్నాడు లాగుడు పరీక్షలో అన్నీ ఊడిపోయాయి.

తప్పు జిగురు రాసిన చేతిదన్నారు. నన్ను చెయ్యి పట్టుకుని ఈ ఉద్యోగంలో పెట్టిన మా ఆయన అక్కగారిని, ఈ ఫ్యాక్టరీలోకెల్లా మంచి చెయ్యిని, ప్యాకింగుకి పంపేశారు. నెల తర్వాత అదే రుమాలుతో ఒక ముక్క తుడిచి అతికించి చూశాను. ఊడింది. అయినా నోరు విప్పలేదు, భయం. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అడగలేదు, రిటైరయ్యేదాకా అట్టపెట్టెలకి టేపు వేస్తూనే ఉన్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను వదినా.

మేనేజరుగారూ, కొత్తవాళ్లకి చూపించడానికి శిక్షణ గది గోడకి తగిలించారే, ‘కారణం: జిగురు రాయడంలో అజాగ్రత్త’ అన్న కాగితం, ఈ శాలువా బదులు నాకు అదివ్వండి. దాని మీద ఆవిడ పేరు కొట్టేసి నా పేరు రాస్తాను.

అయ్యో వదినా, లేచి వెళ్లిపోకండి... ఇటే వస్తున్నారా?

ఏమిటీ? గట్టిగా చెప్పండి, అందరూ వింటారు.

‘ఊడిన ముక్కల మీద నీటి మచ్చలు ఆ రోజే చూశానే పిచ్చిదానా. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదుగా. ఇంద పెన్ను.’

ఇలా ఇవ్వండి వదినా. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ముందు శిక్షణ గదికి వెళ్లొస్తాం, ఇద్దరం. సెలవు.