రెండో కన్ను

పడమటి శనక్కాయ చేలు దాటినాక ఒక దిగుడుబావి ఉంది కదా, చిత్తర్లోళ్ళ బావి అంటారు, దాని పక్కనే చక్కని బండి బాట ఉన్నా మీ నాయనలు గుట్ట చుట్టుకుని పోతారు గానీ ఆ బాటన పోరు, ఎందుకో ఎప్పుడైనా అడిగారా? అడిగినా చెప్పరు. కూర్చోండి, కరెంటు వచ్చేలోగా నేను చెబుతాను. ఇందులో నేను చూసింది కొంత, విన్నది కొంత. ఏది ఏదో విడదీసి చెబుతాను, రెండూ కలిపేస్తే అది కల్లంగడి కబురు అయిపోతుంది.

అవి ఊళ్ళోకి ఫోటోలు రాని రోజులు. ఫోటో కావాలంటే కడపకు పోవాలి, బతికున్నవాడికి అంత తీరిక ఎక్కడిది? అందుకని ఎవరైనా పోతే బొమ్మలు గీసే చిత్తర్లోళ్ళ ఇంటికి కబురు పెట్టేవాళ్ళు. ఆ ఇంటి పెద్దకొడుకు గురవయ్య వచ్చి ఆ మొహాన్ని ఒక్కసారి తేరిపార చూసి పోయేవాడు, కర్మలు ముగిసే పెద్దదినానికి అట్ట మీద బొమ్మ గీసి తెచ్చేవాడు, కానీ కళ్ళ చోట ఖాళీ. ఆ పొద్దున ఇంటివాళ్ళు పటం ముందు కూర్చుని పోయినవాడి గురించి ఒక మంచి, ఒక చెడ్డ చెప్పాలి. మంచి వింటూ కుడికన్ను దిద్దుతాడు, చెడ్డ వింటూ ఎడమకన్ను దిద్దుతాడు. మంచి ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఎడమకన్ను గవ్వలాగా ఉండిపోతుంది, పటంలోకి మనిషి రాడు అనేవాడంట. మునసబు పోయినప్పుడు ఆయన పెండ్లాం, కరువులో ఊరికి గంజి పోశాడని మంచి చెప్పి, చెడ్డ చెప్పడానికి చాలాసేపు ఆలోచించి, ఉరుము ఉరిమితే నా కొంగు కింద దూరేవాడు అనిందంట. ఊరంతా వణికిన మునసబు ఎడమకంట్లో బిక్కచచ్చిన పసిపిల్లోడు కనబడేసరికి, అప్పటిదాకా ఏడవని మనిషి పటాన్ని పట్టుకుని భోరుమనిందంట.

ఈ గురవయ్యకు ఓబులేసు అని తమ్ముడు, ఇద్దరికీ తల్లి తిమ్మక్క. అన్న చెయ్యి నిబ్బరం, తమ్ముడి చెయ్యి పదును. ఆ ఏడు వరసగా మూడిళ్ళవాళ్ళు వచ్చి, పెద్దోడు వద్దులే తిమ్మక్కా, కళ్ళు దిద్దడానికి చిన్నోణ్ణి పంపు అన్నారు. గురవయ్య ఏం చేశాడు? తమ్ముడి కుంచెలు తనే కడిగి పెట్టాడంట. తరువాత ఒకనాడు రంగులు కలపడానికి నీళ్ళకని ఇద్దరూ ఆ బావికి పోయారు, కాసేపటికి గురవయ్య ఒక్కడే ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చాడు, నేను అటు తిరిగి ఇటు చూసేసరికి వాడు లేడు, పాచిమెట్టు మీద జారాడు అని గుండెలు బాదుకున్నాడు. ఓబులేసుకు ఈత రాదు. శవాన్ని తీశారు. ఎవరూ ఇంకో మాట అనుకోలేదు, ఎందుకనుకుంటారు, తోడబుట్టినవాడాయె.

ఇక తమ్ముడి పటం అన్నే గీయాలి కదా. పది దినాలు అట్ట ముందు కూర్చున్నాడు, ఒక్క గీత పడలేదు. చూసి చూసి తిమ్మక్క, అచ్చు గుద్దినట్టు మీ ఇద్దరిదీ ఒకటే మొహం గదరా, అద్దం పెట్టుకుని గీయి అనింది. కొడుకు కష్టం తీర్చాలనే అనింది పాపం. మొహం ఒకటైతే మనిషి ఒకటవుతాడా?

పెద్దదినం నాడు వడలు కాల్చడానికి పోయిన ఆడవాళ్ళలో మా అమ్మ ఒకతె. ఇక్కడి నుంచి ఆమె చెప్పిందే. తిమ్మక్క పటం ముందు కూర్చుని, నా చూపు మసకేసినాక చిన్నోడు పొద్దున్నే పది సూదుల్లో దారం ఎక్కించి గూట్లో గుచ్చి పెట్టిపోయేవాడు, ఇంకా మూడు సూదులు మిగిలే ఉన్నాయి అని మంచి చెప్పింది. కుడికన్ను పడింది, చూసినవాళ్ళు ఓబులేసే అన్నారు. ఆమెకు చెడ్డ తోచలేదు, తోడు తిరిగినోడివి నువ్వు చెప్పరా అని పెద్దోణ్ణి అడిగింది. వాడిలో చెడ్డేముంది, ఏమీ లేదు అని గురవయ్య అద్దంలోకి చూస్తూ ఎడమకన్ను దిద్దేశాడు.

తిమ్మక్క పటాన్ని వాకిట్లో వెలుగులోకి తీసుకుపోయి, ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూసింది.

"కుడిది నా చిన్నోడిదే. ఎడమది నీది గదరా, పెద్దోడా."

"అమ్మా, చూపు సరిగా ఆనక..."

"నాకు ఆనేది ఆనుతుంది. ఈ కన్ను నిలబడుకోని దేన్నో చూస్తాండాది. దేన్ని చూస్తాండాదిరా?"

అంతమంది చుట్టాల ముందు గురవయ్య చెప్పాడు. చేదతాడు నా చేతిలోనే ఉంది, వాడు రెండుసార్లు పైకి తేలి అన్నా అన్నాడు, నేను వెయ్యలేదు, వెయ్యాలనుకునేసరికి నీళ్ళు సద్దుమణిగిపోయాయి. కలిపితే నాలుగు ఊపిర్లంత సేపు, అన్నాడంట. తిమ్మక్క తిట్టలేదు, శపించలేదు. పోయి వాడి కన్ను తెచ్చిపెట్టు, అనింది.

రంగుగిన్నెలు తీసుకుని గురవయ్య బావికి పోయాడు. అద్దం ఎంతసేపటికీ తన మొహమే ఇస్తోందని, నీళ్ళు చూసి గీద్దామనుకున్నాడో ఏమో, మూడు దినాలు అడుగుమెట్టు మీద వంగి కూర్చోనుండగా పశువులు తోలుకుపోయేవాళ్ళు చూశారు. నాలుగోనాడు గిన్నెలున్నాయి, తడి ఆరని కుంచె ఉంది, మనిషి లేడు. శవమూ దొరకలేదు. దేశాలు పట్టిపోయాడన్నవాళ్ళు ఉన్నారు. తెలియనిది తెలియదనే చెబుతాను.

తెలిసింది ఒకటుంది. ఆ వేసవిలో తలారి నరసిమ్ముడు దప్పికకు ఆ మెట్లు దిగి దోసిలి పట్టాడు, నీళ్ళలో తన మొహం కనబడింది, కానీ ఎడమకన్ను చోట ఖాళీ. చూస్తుండగా కింద నుంచి ఒక కుంచె వచ్చి నిదానంగా ఆ కన్ను దిద్దసాగింది, నీ చెడ్డ నువ్వే చెబుతావా, నన్నే చూసుకోమంటావా అని గొంతు వినబడింది. వాడు నీళ్ళు తాగకుండానే పైకొచ్చి, నేరుగా విధవరాలు చెన్నమ్మ ఇంటికి పోయి, ఆమె చేను హద్దురాయి జరిపింది నేనేనని ఒప్పుకున్నాడు. రాయిని మళ్ళీ పాత చోట పాతడం నేను కళ్ళారా చూశాను. మిగతాది వాడు చెప్పింది.

పటాన్నీ చూశాను. తిమ్మక్క దాన్ని పారెయ్యలేదు, ఎడమకన్ను చెరపనివ్వలేదు. ఏటేటా ఆ దినానికి దాని ముందు రెండు విస్తళ్ళు వేసేది. ఒక పటానికి రెండెందుకమ్మా అని అడిగాను. కుడిపక్క చిన్నోడికి, ఎడమపక్క పెద్దోడికి నాయనా, ఇద్దరూ ఇందులోనే ఉండారు, అనింది.

అదీ సంగతి. ఇంతా విని కూడా మీలో ఒకరిద్దరికి పోయి తొంగి చూడాలని ఉంటుంది, నాకు తెలుసు. పోవద్దు. పోక తప్పదనుకుంటే, చెప్పాల్సిందేదో ముందు ఇంట్లో చెప్పేసి పోండి. చెప్పేసినాక మీకు అక్కడ పనుండదు.