సాగర్ నుంచి సముద్రం దాకా

సకల జనుల సమ్మె మూడో వారం, సాయంత్రం. ఎల్‌బీ నగర్‌లో ఒక ఇంటి గేటు లోపల, స్టాండు వేసిన మోటారుసైకిలు చుట్టూ ముగ్గురు: సమ్మెలో ఉన్న బస్సు కండక్టరు సీతారాములు, ఆయన కూతురు ఇంద్రాణి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటరు నడిపే ఆయన బావమరిది మురళీకృష్ణ.

“...ఇబ్రహీంపట్నంల ఐదు నిమిషాలు. మాల్ ఊళ్లె ఐదు. మల్లేపల్లిల పది, చాయకు. రాసుకో బిడ్డా, ఊకె నవ్వకు.”

“నాయినా, మనది బస్సు కాదు. ఉండేది ఇద్దరం. మధ్యల ఎవరు ఎక్కాలె, ఎవరు దిగాలె?”

“ఎవ్వరు దిగకున్నా స్టేజీ స్టేజీయే. గిది నా రూటు గూడ గాదు. సమ్మె శిబిరంల మట్టయ్యను అడిగి రాసుకొచ్చిన. ఆయన సాగర్ బస్సుల పదేండ్లు చేసిండు.”

“చూశావా మామయ్యా? హాయిగా తిరిగొద్దామంటే టైంటేబుల్ వేశాడు.”

“అగో, నాతోని ‘ఎక్కాలె’ అంటది, మేనమామతోని ‘చూశావా’ అంటది. రెండు డిపోల బండి మురళీ ఇది.”

“పోనీలెండి బావా. రెండు చోట్లా బ్రేకులు లేవు దానికి.”

“నాయినా, ఇరవై ఆరేండ్లు విజయవాడ బస్సుల పోయినవ్ గద. తొవ్వ పొంటి ఏం చూసినవ్ చెప్పు?”

“తలకాయలు చూసిన. బట్టతలలు, పూలు పెట్టుకున్న తలలు, కిటికీలకెళ్లి కక్కేటి తలలు.”

“అందులో ఒకటి మా అక్కది కదా బావా?”

“మూడో వరుస. కిటికీ పక్కన. ఆమె కక్కలే.”

“అందుకే అంటున్న నాయినా, ఈసారి కిటికీ అవతల చూస్తవు. సాగర్ కాడ కృష్ణను పట్టుకుంటం. బ్రిడ్జి దాటి మాచర్ల, ఆడికెళ్లి అమరావతి, విజయవాడ. విజయవాడల రాత్రి పండుకుంటం. తెల్లారి అవనిగడ్డ దాకా కరకట్ట మీదనే. ఒక దిక్కు నది, ఒక దిక్కు అరటితోటలు. హంసలదీవి కాడ సముద్రంల కలిసేదాక ఇడవం.”

“కట్ట మీద సాయంత్రం పూట వెళ్లాలమ్మా ఇందూ. ఎండ నీళ్ల మీద పడుతుంటే చూడాలి. అక్క ఎన్నిసార్లు అడిగిందో! ‘ఒక్కసారి బండి మీద కట్ట వెంబడి మా ఊరు తీసుకెళ్లండి’ అని. బావగారేమో బస్సు పాసు ఉండగా బండెందుకన్నారు.”

“అన్న. అనలేదంటలేను.”

“పోయినేడు శ్రావణంలో అది పోయేముందు కూడా...”

“మురళీ, గా చైను జర చూడు. వదులున్నదా?”

“చైను బాగానే ఉంది బావా.”

“మళ్లొకసారి చూడు.”

“నాయినా, చైను పొద్దున్నే బిగించిన. బ్యాగు సంగతి చెప్పు. ఇదేంది, మంకీ క్యాప్ పెట్టినవ్? సముద్రం కాడ మంకీ క్యాపా?”

“పొద్దుగాల ఐదింటికి బయలెల్లాలంటివి. చెవులల్ల గాలి పోతది.”

“మీద హెల్మెట్ ఉంటది గద!”

“హెల్మెట్ కింద టోపీ. టోపీ కింద దూది. మట్టయ్య చెప్పిండు.”

“మట్టయ్యను కూడా తీసుకెళ్లండి బావా, ట్యాంకు మీద కూర్చుంటాడు.”

“మామయ్యా, నీకు తెలీదు. మొన్న కర్మన్‌ఘాట్ దాకా రిహార్సల్‌కి వెళ్లాం. నేను నడిపాను, నాయిన వెనక కూర్చున్నాడు. హనుమాన్ గుడి దగ్గరికి రాగానే ‘హోల్డాన్’ అని అరిచాడు. కొబ్బరికాయలు అమ్మే ముసలామె బుట్ట తీసుకొని జరిగింది.”

“ఆపుమని చెప్పాలె గద.”

“మళ్లీ ఎక్కాక నా హెల్మెట్ మీద రెండు దెబ్బలు కొట్టి ‘రైట్ రైట్’ అన్నాడు.”

“అనకుంటె బండెట్ల కదుల్తది?”

“అనకముందే కదిలింది నాయినా. నువ్వు రోడ్డు మీద ఉన్నవు.”

“ఒక్క కాలే రోడ్డు మీద ఉన్నది. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

“బావా, నవ్వలేక చస్తున్నాను. సరే, దారిలో బందుల సంగతేంటి? రేపు ఏదో రాస్తారోకో ఉందంటున్నారు.”

“గది నాకే ముందుగాల తెలుస్తది. రోజు కూసునేటోన్ని నేనే గద. రేపు చింతల్‌కుంట కాడ పదింటికి. వంటావార్పు గూడ ఉన్నది, నడిరోడ్డు మీద పులిహోర. మనం ఐదింటికే సాగర్ రోడ్డు ఎక్కుతం.”

“పులిహోర మిస్సవుతున్నానని బెంగ పెట్టుకున్నాడు మామయ్యా.”

“శిబిరంలో ఏమని చెప్పారు బావా?”

“నాలుగు రోజులు దీక్షల నా పేరు రాయద్దన్న. ఏడికి పోతున్నవే అని అడిగిండ్రు. ఆంధ్రకు అన్న. ఇగ ఒక్కటే నవ్వుడు. ‘సమ్మె చేసి ఆంధ్రకు సైరుకు పోయేటోడు రాష్ట్రం మొత్తం మీద నువ్వొక్కనివే’ అన్నరు.”

“ఇంత లీవు నీకు మళ్ల ఎన్నడు దొరకది నాయినా.”

“లీవు గాదు, సమ్మె! లీవంటె దరఖాస్తు ఉంటది.”

“ఏదో ఒకటి. సోమవారం నుంచి చెన్నైల నాకు బ్యాంకు ట్రైనింగు. ఆ తర్వాత ఏ ఊరు ఏస్తరో తెల్వది. రేపు పోకుంటే ఇగ పోలేం, ముందుగాలనే చెప్తున్న.”

“పోతం బిడ్డా. పోనని ఎవలన్నరు?”

“మంచిది. మీ చెల్లెలు చేగోడీలు, మాగాయ కట్టి పంపింది, అదిగో సంచి. అన్నీ కుదిరాయి. ఒక్కటే మిగిలింది బావా, ఆ నెంబరు ప్లేటు.”

“దానికేమైంది?”

“ఏమైందా! ఏపీ అక్షరాల మీద టీజీ అని అంటించుకుని కృష్ణ దాటతారా? అవతల మా వాళ్లూ వేడి మీదున్నారు.”

“కొడతరా?”

“కొట్టరండీ. ఆపి, దింపి, సమైక్యత మీద ఉపన్యాసం ఇస్తారు. మీ నాలుగు రోజుల్లో రెండు రోజులు దానికే పోతాయి.”

“మేము ఏపీ బండ్లను ఆపి చెప్తలేమా? బరాబరే.”

“నాయినా, మామయ్య చెప్పింది నిజమే. పీకేద్దాం. స్టిక్కరే గద, వచ్చినంక కొత్తది ఏయించుకుందువు.”

“పీకద్దు.”

“పోనీ సాగర్ బ్రిడ్జి నడుమ ఆపి పీకుదాం. వచ్చేటప్పుడు ఆడనే ఆపి అంటిద్దాం. అటు సగానికి ఏపీ, ఇటు సగానికి టీజీ.”

“పీకద్దు అన్న గద.”

“ఎందుకు?”

“రంగు లేస్తది.”

“అది రేకు బావా. రంగెక్కడుంది లేవడానికి?”

“యూనియనోళ్లు అడుగుతరు.”

“యూనియన్ వాళ్లు హంసలదీవి వస్తున్నారా?”

“...తెలంగాణ వచ్చేదాక తియ్యనని మొక్కుకున్న.”

“ఎన్నడు మొక్కుకున్నవ్ నాయినా? నువ్వు దేవునికి దండం పెట్టంగ నేను చూడనే లేదు.”

“మొన్న. కర్మన్‌ఘాట్ల. నువ్వు బండి ఆపినవ్ గద.”

“దేవునికి మొక్కడానికే హోల్డాన్ అన్నవా?”

“మరి?”

“అది కూడా ఏం జీ అండీ బావా! వంకర. ఆరంకెలా ఉంది.”

“మొన్న ట్రాఫిక్ పోలీసు అడిగాడు మామయ్యా, ‘టీ సిక్స్ అంటే ఏ రాష్ట్రం అమ్మా’ అని. యూనియన్ పెయింటరు కొత్తగా రాసిస్తానన్నా వద్దన్నాడు.”

“నాకు గిట్లనే బాగున్నది.”

“బావా, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. అక్క ఉన్నప్పుడు కూడా ఇది ఉందా?”

“ఉన్నది.”

“అక్క దీని మీద ఎక్కేదా?”

“ఎక్కేది. చాయ సల్లగైతున్నది, తాగు.”

“తాగుతాను గానీ, అవనిగడ్డ ఆడపిల్లని ఈ ప్లేటు బండి మీద ఊరంతా తిప్పారే, దాని మనసు ఎంత కష్టపడిందో ఎప్పుడైనా అడిగారా? అది నోరు విప్పి చెప్పే మనిషి కాదు. నాకు మాత్రం ఈ బండి చూసినప్పుడల్లా...”

“మామయ్యా, వద్దు.”

“వద్దులే. ఇప్పుడేం లాభం. ఇదిగో, మూల లేచే ఉంది, గోరుతో లాగితే మొత్తం...”

“ముట్టకు!”

“బావా...”

“మురళీ, చెయ్యి తియ్యి. తియ్యి అంటున్న.”

“ఏంటి బావా, రెండక్షరాల కోసం ఈ కేకలు? దాని కోరిక కన్నా ఎక్కువా ఇవి? కట్ట మీద తిప్పమని అడిగి అడిగి పోయింది మా అక్క!”

“గా అక్షరాలు కత్తిరించింది మీ అక్కనే.”

“ఏంటీ?”

“కౌసల్యనే. ఇంట్ల బట్టల కత్తెరతోని. ఇంద్రాణి సైకిలుకు కొన్న రేడియం కాయిదం మిగిలుండె.”

“అమ్మనా? నాకెన్నడు చెప్పలే నాయినా.”

“నువ్వు హాస్టల్‌ల ఉన్నవు. డిపోల అందరి బండ్లకు పడ్డయి, నా బండికి లేదు. ‘వీనికి ఆంధ్ర పెండ్లాం, అందుకే పెట్టుకుంటలేడు’ అని ఎవలో అన్నరు. నేను ఇంటికొచ్చి చెప్పలే. ఎట్ల తెలిసిందో ఏమో తెలిసింది. తెల్లారి డ్యూటీకని బయటికొస్తే, గీడ పీట ఏసుకొని కూసోని అంటిస్తున్నది.”

“ఏమంది?”

“ఏందే గిది అన్న. ‘మీ ఉద్యమం మీరు చేసుకోండి, ఆ మాట నా మీదికెందుకు రావాలి’ అన్నది.”

“అచ్చం అక్కే. అలాగే అంటుంది.”

“టీ మంచిగనే వచ్చింది. జీ కాడికి వచ్చేసరికి కాయిదం సరిపోలే. వంకరొచ్చిందే అన్న. ‘మీ రాష్ట్రం వచ్చాక సరిగ్గా రాయించుకోండి, అందాకా ఇదే’ అన్నది.”

“నాయినా...”

“ఎక్కి కూసున్నది. ఆ దినం తనను గూడ డిపో దాకా తీస్కపొమ్మన్నది. గేటు కాడ అందరు చూడంగ దిగి, నడుచుకుంట ఇంటికొచ్చింది.”

“ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు బావా?”

“నువ్వెన్నడు అడగలే. ఎవరు పెట్టిండ్రని ఎవ్వరు అడగలే.”

“మరి రేపు అవతల ఎవరన్నా ఆపితే ఏం చెప్తవ్ నాయినా?”

“ఉపన్యాసం వింట. అయినంక, మీ పిల్లనే అంటించింది అని చెప్త. రెండు రోజులు పోతే పోనీ, కట్ట మీదికి అయితే పోతం.”

“ఇందూ.”

“ఏంటి మామయ్యా?”

“ఇంట్లో ఫెవిక్విక్ ఉందేమో తీసుకురామ్మా. ఈ మూల... నేనే లేపేశాను.”